కోదాడకని చెప్పి

మా అమ్మాయికి మూడేళ్ళు నిండి నాలుగో ఏడు నడుస్తుండగా ఐర్లాండ్ వచ్చేశాం. నేను నర్సును. ఉద్యోగం వచ్చింది నాకు, మా ఆయన నా వెంట వచ్చాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నయం. మా వైపు ఎవరికి చెప్పినా "ఆయనకేం జాబొచ్చిందమ్మా?" అనే అడుగుతారు, నాకు చిర్రెత్తుకొస్తుంది.

అంతకుముందు ఐదేళ్ళు సూర్యాపేటలో ఉన్నాం. నాది మిర్యాలగూడ, ఆయనది కోదాడ. ఎవరి వైపూ కాని ఊరైతే పంచాయితీ ఉండదని అక్కడ కాపురం పెట్టాం. సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. పక్క పోర్షన్‌లో నాకంటే పదిహేనేళ్ళు పెద్దదైన ఒక అక్క ఉండేది. వాళ్ళది ఆత్మకూరు దగ్గర తండా. ఇంట్లో లంబాడీ, మాతో తెలుగు మాట్లాడేవారు. ఆమె చీరలకు ఫాల్స్ కుట్టేది, భర్త ఆటో నడిపేవాడు. నేను డ్యూటీకి పోతే మా అమ్మాయిని చూసుకునేది ఆమే. ఆరు నెలల పిల్లప్పటి నుంచి చూసుకుంది.

మధ్యాహ్నం మూడింటికి నేను ఇల్లు చేరేసరికి ఆ ఇంట్లో జొన్నరొట్టెలు కాలిన వాసన ఉండేది. మా అమ్మాయి కుట్టు మిషన్ కింద కూర్చుని తెగిన దారప్పోగులు ఏరుతుండేది. జుట్టు నిండా ఎర్రవీ పచ్చవీ దారాలే. నన్ను చూసి లేచి వచ్చేది కాదు. "మమ్మీ, ఆగు, పనున్నది" అనేది. అక్క కడుపు పట్టుకుని నవ్వేది.

ఆమెను మా అమ్మాయి యాడి అని పిలిచేది. లంబాడీలో యాడి అంటే అమ్మ. ఆమె పిల్లలు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు అట్లా పిలవగా విని పట్టేసింది. అందరికీ నవ్వుతూనే చెప్పేదాన్ని గాని నాకు లోపల మండేది. కన్నది నేను, అమ్మ ఆమె, నేను మమ్మీని. కుళ్ళు అనుకుంటే అనుకోండి, అది కుళ్ళే.

మా వైపు పసిపిల్లలకు చెప్పి బయటికి పోయే అలవాటు లేదు. ఎవరో ఒకరు పిల్లను చంకనెత్తుకుని "అగో కాకి, అగో బర్రె" అని చూపిస్తుంటే తల్లి వెనక నుంచి జారుకోవాలి. మా అమ్మ నాకు చేసింది, నేను నా బిడ్డకు చేశాను. రోజూ చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగేదాన్ని. అక్కకు ఇది అస్సలు నచ్చేది కాదు.

"చెప్పి పో చెల్లె. ఏడిస్తే ఏడుస్తది. నేనున్న గద" అనేది.

"నాకు టైమైతాంది అక్కా, నువ్వు ఊకో" అనేదాన్ని.

వీసాలు వచ్చాక అసలు సంగతి మొదలైంది. మా అమ్మాయికి ఏమని చెప్పాలి? మిర్యాలగూడ నుంచి మా అమ్మ ఫోన్లో తీర్పు ఇచ్చేసింది. "పిల్లకు చెప్తరా ఎవరన్న? నాయిన ఊరికని తోల్కపోండ్రి, గాడికి పోయినంక అదే అలవాటైతది." మా ఆయన కూడా "కోదాడ వెళ్తున్నామని చెబుదాంలే. ఏడుపు లేకుండా బయటపడొచ్చు" అన్నాడు. నెలకు రెండు ఆదివారాలు కోదాడలో మా అత్తమ్మ దగ్గరికి పోయి పొద్దుగూకేలోపు తిరిగి రావడం మాకు అలవాటే.

అక్క ఒక్కతే అడ్డం పడింది. "వద్దు చెల్లె. నాలుగొద్దులు నన్ను పట్టుకొని ఏడ్వనియ్యి. నేను సముదాయించి పంపిస్త" అంది.

నాకు కోపం నెత్తికెక్కింది. "నా బిడ్డ సంగతి నాకు తెలుసక్కా. నువ్వు కన్నవా?" అన్నాను.

ఆమె చేతిలో చీర మడతపెట్టి లోపలికి పోయింది. ఆ మాట ఎందుకు అన్నానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. పిల్ల ఆమెను పట్టుకుని ఏడిస్తే చూడటం నా వల్ల కాదు. అసలు కారణం అది.

పోయే రోజు అక్క వాళ్ళాయన ఆటోలోనే బస్టాండుకు పోయాం. పెట్టెలు చూసి మా అమ్మాయి "గిన్ని ఎందుకు?" అని అడిగింది. నాన్నమ్మకు బట్టలని వాళ్ళ నాన్న చెప్పాడు. అక్క గడప దగ్గర నిలబడింది. మా మాట నిలబెట్టడానికి నోరు మూసుకుని నిలబడింది, పాపం. మా అమ్మాయి సగం తిన్న రొట్టె ఆమె చేతిలో పెట్టి "దాసిపెట్టు యాడి, వచ్చినంక తింట" అంది. ఆటో సందు మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. సాయంత్రం వచ్చేస్తుంది కదా, దానికేం పని?

ఐర్లాండ్‌లో దిగాక వారం రోజులు బాగానే ఉంది. విమానం ఎక్కి దిగినా ఇది కోదాడ అనే నమ్మింది. "కోదాడల గింత సలేంది మమ్మీ?" అనేది. మా ఆయన నవ్వేవాడు, నేనూ నవ్వాను. తర్వాత నాన్నమ్మ కోసం వెతకడం మొదలుపెట్టింది. వంటగదిలో, మంచం కింద, అల్మారాలో. నాన్నమ్మ ఊరికి పోయిందని ఆయన ఇంకో అబద్ధం అతికించాడు. రోజూ పొద్దున బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడి "ఇగ పోదాం, చీకటైతది" అనేది.

ఒక ఆదివారం మా అత్తమ్మ వీడియో కాల్ చేసింది. మా అమ్మాయి ఫోన్లోకి తొంగి చూసింది. ఆమె వెనక కోదాడ ఇంటి పచ్చ తలుపు, అరుగు, నీళ్ళ డ్రమ్ము కనబడ్డాయి.

"నాన్నమ్మా, నువ్వు యాడున్నవ్?"

"మన కోదాడలోనే ఉన్నానమ్మా" అంది మా అత్తమ్మ. ఆమెకు మా అబద్ధాల సంగతి తెలియదు.

మా అమ్మాయి గది చుట్టూ చూసింది. కిటికీ చూసింది. నన్ను చూసింది. ఏడవలేదు. బూట్లు విప్పి గోడకేసి కొట్టింది. ఆ రోజు నుంచి నా చేతి ముద్ద తినలేదు. జ్వరం వచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నర్సును కదా, జ్వరం తగ్గించడం నాకు వచ్చు. మిగతాది రాదు.

మూడో రోజు సిగ్గు విడిచి అక్కకు ఫోన్ చేశాను. "రేపు వస్తనని చెప్పక్కా, జర తింటది" అని బతిమాలాను.

"అబద్ధం చెప్పను చెల్లె. ఫోన్ బిడ్డకియ్యి" అంది.

ఫోన్ ఇచ్చాను. ఆమె నెమ్మదిగా చెప్పింది. "బిడ్డా, నువ్వు మస్తు దూరం పోయినవ్. విమానంల పోయినవ్ సూడు, గంత దూరం. నేను రాలేను. నువ్వు ఇప్పుడే రాలేవు. నాకు ఏడుపొస్తాంది, నువ్వు గూడ ఏడువు." ఇద్దరూ ఏడ్చారు. ఇక్కడ ఫోన్ పట్టుకుని ఇది, అక్కడ మిషన్ దగ్గర ఆమె. చాలాసేపు ఏడ్చి ఏడ్చి మా అమ్మాయి ముక్కు నా చున్నీకి తుడుచుకుంది. అన్నం పెట్టమంది. నాలుగు ముద్దలు తిన్నాక నా వైపు చూసింది.

"మమ్మీ, నువ్వు ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఏడుస్తవని."

ఐదో ముద్ద నమిలి మింగింది.

"ఏడిస్తె యాడి ఎత్తుకునేది గద" అంది.