పనిముట్ల పుస్తకంలో మా తమ్ముడి తల

మా తమ్ముణ్ణి ఫ్యాక్టరీలో అందరూ నున్నోడు అంటారు. బట్టతల చూసి పెట్టిన పేరనుకుంటారు తెలియనివాళ్లు. వాడు చేత్తో రుద్దిన ఇనుములో మన మొహం కనపడుతుంది, పళ్లలో ఇరుక్కున్నదాంతో సహా. అందుకొచ్చిందా పేరు.

ఇరవై ఆరేళ్లుగా వాడి పని ఒకటే, గరుకు కాగితంతో లోహాన్ని రుద్దడం. తడి లేకుండా రుద్దితే రాలిన పొడి గరుకులో కూరుకుపోయి తిరిగి లోహాన్నే గీరుతుంది. అందుకని అల్యూమినియానికి సబ్బునీళ్లు, ఉక్కుకి పల్చటి నూనె. "వీటికీ దాహం ఉంటుందే అక్కా" అంటాడు. పెళ్లాం మంచినీళ్లు అడిగితే మాత్రం వినపడదు వెధవకి.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఒకరోజు ఆ సబ్బునీళ్ల మీద కాలేసి, గది ఈ మూల నుంచి ఆ మూలకి కూర్చునే వెళ్లాడట. మర్నాడు గోడకి ఆర్డరు కాగితం అంటించాడు. సరిగ్గా అప్పుడే మావాడి బల్ల మీద మనిషంత ఉక్కు రోలరు ఉంది. శుక్రవారానికి ఒక్క గీత లేకుండా మెరవాలి. లేదంటే వాణ్ణి అట్టపెట్టెలు కట్టే గదిలో పడేస్తారు.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు.

"అట్టపెట్టెలో మొహం కనపడదక్కా."

"ఆ మొహం కనపడకపోతే ఎవడికిరా నష్టం? కాగితంలో ఏం రాశాడో చెప్పు, అక్షరం పొల్లుపోకుండా."

"బల్ల మీద గానీ, నేల మీద గానీ, డబ్బాలో గానీ ఏ తడీ ఉండరాదు."

నేను మూడో తరగతి దాటలేదు. అయినా పెద్ద చదువులవాళ్లు ఎక్కడ మర్చిపోతారో నాకు తెలుసు.

"తల మీద అనలేదుగా?"

"అక్కా, నీకు మతి పోయింది."

"నాకు మతి పోయింది, నీకు జుట్టు పోయింది. సరిపోయాం. ఇలా వంగు."

మర్నాటి నుంచి నెత్తిన గిన్నెడు నూనెతో పనిలోకి వెళ్లాడు. ఎడంచేతి వేళ్లు నెత్తికి, కుడిచేతిలో కాగితం. గరుకు కాగితం మార్చినప్పుడల్లా తల శుభ్రంగా తుడిచి మళ్లీ పట్టించుకునేవాడు. పాత పొడి ఒక్క రవ్వ కలిసినా కొత్త గీత పడుతుంది మరి. నూనె కిందికి కారితే కనుబొమ్మలే గట్టు.

సూపర్‌వైజరు చూశాడు.

"ఏంటయ్యా ఆ నూనె?"

"తలకి రాసుకున్నాను సార్."

"జుట్టేదీ?"

"అందుకే కదా సార్ రాసుకుంటున్నది."

శుక్రవారం పెద్ద మేనేజరు వచ్చాడు. రోలరు మీదికి వంగాడు, జేబులోంచి దువ్వెన తీసి పాపిడి సరిచేసుకున్నాడు, బాగుందని వెళ్లిపోయాడు.

ఇక సూపర్‌వైజరు కుడితిలో పడ్డ ఎలకైపోయాడు. నూనె వాడారని రాస్తే తన ఆర్డరు బోల్తా. వాడలేదంటే రోలరు దానంతటదే మెరిసినట్టు. ఆలోచించి ఆలోచించి పనిముట్ల పుస్తకంలో ఎక్కించాడు: సుత్తులు రెండు, ఆకురాళ్లు ఐదు, తల ఒకటి. దానికి స్టోరు నుంచి వారానికో సీసా నూనె.

మావాడికి పాత పని దక్కింది. కానీ ఏ పనిముట్టూ చీటీ లేకుండా గేటు దాటకూడదట. రోజూ సాయంత్రం వాచ్‌మన్ రాసిస్తాడు: తల ఒకటి, రేపు ఉదయం తిరిగి తేవలెను. పొద్దున్నే తట్టి చూసి సంతకం పెట్టించుకుంటాడు.

మొన్న ఒళ్లు కాలిపోయే జ్వరంతో సెలవడిగితే స్టోరు గుమాస్తా, "నువ్వు వెళ్లవయ్యా, నిన్నెవరు కాదన్నారు? తల మాత్రం అప్పజెప్పి వెళ్లు" అన్నాడట. చేసేది లేక జ్వరంతోనే బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆ రాత్రి మా మరదలు శాపనార్థాలు పెడుతుంటే, వీడు మంచం మీద దుప్పటి కప్పుకుని మురిసిపోతున్నాడు.

"ఆ వేడికి నూనె ఎంత పల్చబడిందనుకున్నావు అక్కా! ఇన్నేళ్లలో అలాంటి మెరుపు నేను చూళ్లేదు."