మా మేనత్త పెట్టించిన మూడు సంతకాలు

నా చిన్నప్పుడు బందరులో ఒక ఆస్పత్రి గుమాస్తా నన్ను చీమిడిముక్కు పిల్ల అన్నాడు. యాభై ఏళ్ళు దాటినా ఆ మాట మరిచిపోలేదు. మా మేనత్తకు అతను చేసిన అన్యాయం ముందు అది చిన్నదే. అయినా రెండూ వేర్వేరుగా గుర్తుపెట్టుకున్నాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది మేనత్తే. భర్త లేని మనిషి. కోడూరు దగ్గర కాలువ చివరనున్న పొలాన్ని ఒంటిచేత్తో సాగు చేయించేది. ఒకనాడు ఆమె రొమ్ములో చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. చూపించడానికి ఆమెకు సిగ్గు. చూడకుండానే మా ఊరి డాక్టరు, "వేడి చేసిందమ్మా, కరిగిపోద్దిలే" అని మాత్రలిచ్చాడు. ఊడ్పులయ్యాక చూద్దాం, కోతలయ్యాక చూద్దాం అనుకుంటూ ఆమె రోజులు గడిపింది. అది నిమ్మకాయంత అయ్యాక బందరు బస్సెక్కాం. ఐదో తరగతి చదువుతున్న నన్ను, చదవడం రాయడం వచ్చు కదా అని వెంట తీసుకెళ్ళింది.

పెద్ద డాక్టరుగారు పరీక్షించి, ముక్క తీసి పరీక్షకు పంపాలని, ఆలస్యం చేయొద్దని చీటీ రాశారు. ఆ చీటీ గుమాస్తాకివ్వాలి. అతను దాన్ని సరిగా చూడనైనా చూడకుండా, "చేసేవాళ్ళు సెలవు. వచ్చే వారం రా" అన్నాడు.

మా అత్తకు ఒక అలవాటుండేది. వంతు రోజున పొలానికి నీళ్ళు రాకపోతే, కాలువ మీద నీళ్ళు వదిలే లస్కరు చేత ఆ మాట పుస్తకంలో రాయించుకునేది. లేకపోతే, నేను వదిలాను, మీరే తూము మూసుకున్నారంటాడు. ఆస్పత్రిలోనూ అదే పని చేసింది. "ఆయనన్న మాట రాసి చదువమ్మాయ్" అంది. నా లెక్కల నోటుబుక్కులో తేదీ వేసి, రాసి, గట్టిగా చదివాను.

"సంతకం పెట్టండి బాబూ."

గుమాస్తా చుట్టుపక్కలవాళ్ళను చూసి నవ్వాడు. "ఈ చీమిడిముక్కు పిల్లా నీ ప్లీడరు?" అంటూ సరదాకి సంతకం గీకాడు.

రెండో వారం మత్తుమందు అయిపోయిందన్నాడు. రాశాను, గీకాడు. మూడో వారం, "ఏమ్మా, మీ ఊళ్ళో మినుము తీతలు లేవా, ఎప్పుడూ ఇక్కడే ఉంటావు?" అన్నాడు.

"ఉన్నాయి బాబూ. తీయడానికి నేను బతికుండాలిగా."

ఆ రోజూ పని కాలేదు. మూడో సంతకం మాత్రం పడింది.

నాలుగో వారం మా అత్త గుమాస్తా బల్ల దగ్గరికే వెళ్ళలేదు. డాక్టరుగారి గది గుమ్మం ముందు నిలబడి, ఆయన బయటికి రాగానే పుస్తకం చేతికిచ్చింది. "నాకు చదువు రాదు బాబూ, మీరే చదవండి" అంది. ఆయన మూడు తేదీలూ చదివి గుమాస్తాను పిలిచారు.

"ఇది నీ సంతకమేనా?"

"చిన్నపిల్ల ఆటనుకున్నానండీ" అని అతను గొణిగాడు.

అయిపోయిందన్న మత్తుమందు అరగంటలో దొరికింది. ఆ పూటే ముక్క తీశారు. క్యాన్సరే. ఆ నెలలోనే ఆపరేషన్ చేసి, రేడియేషన్ కరెంటు పెట్టించుకోవడానికి గుంటూరు పంపారు. మా అత్త ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు బతికింది. నా పెళ్ళి చేసింది, నా పిల్లలకు నీళ్ళు పోసింది.

"లస్కరును ఒక్క రోజు ఊరుకోనిదాన్ని, నా ఒంటి సంగతికొచ్చేసరికి అన్నాళ్ళు ఊరుకున్నానే. మొదటి తప్పు నాదే" అనేది. ఒప్పుకుంటాను. గుమాస్తాను మాత్రం క్షమించలేదు.

పోయినేడాది పక్కింటి కోడలు గడ్డ ఉందని నాతో మెల్లగా చెప్పింది. ఊడ్పుల మాట ఎత్తనివ్వకుండా మర్నాడే బయలుదేరదీశాను. స్కానింగ్ దగ్గర కుర్రాడు సర్వర్ పనిచేయట్లేదు, సోమవారం రమ్మన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. "మీరెవరండీ?" అన్నాడు. "చదవడం రాయడం వచ్చినదాన్ని" అన్నాను. లోపలికెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. మధ్యాహ్నానికల్లా స్కానింగ్ అయింది, పది రోజుల్లో వైద్యం మొదలైంది.

నన్ను గొడవల మనిషి అంటారని తెలుసు. అననీ. రేపు రమ్మన్న మాటను గాలికి వదిలేయకూడదని పదేళ్ళ వయసులో నేర్చుకున్నాను, ఇప్పుడు మానలేను. మొన్న ఆ కోడలు కూతుర్ని స్కూటీ మీద బడికి దింపడానికి వెళ్తుంటే, వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి చూశాను.