వాగుగట్టు కంప

మా ఆత్మకూరు పర్యావరణ కమిటీలో నన్ను సభ్యుడిగా వేసినప్పుడు మా అంగడికి వచ్చే రైతులు పగలబడి నవ్వారు. నాది ఎరువులు, పురుగుమందుల వ్యాపారం. "పొద్దున మందమ్మేదీ నువ్వే, సాయంత్రం గాలి బాగుచేసేదీ నువ్వేనా అన్నా?" అని ఒకడు అడిగాడు. "వేరేవాడైతే సరిగ్గా చెయ్యడు లేరా" అని నేనూ నవ్వాను. లోపల మాత్రం గర్వంగానే ఉండింది. ఊళ్లో పెద్దమనిషినని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు అనిపించింది.

మున్సిపల్ ఆఫీసు మేడ మీద కూర్చునేవాళ్లం. మురుగు వాగులో కలవడం, కవర్లు, ఎండిపోతున్న బోర్లు, ఏడాదికేడాది ముదిరే ఎండలు, ఇవీ మాటలు. కమిషనర్ వేరే జిల్లా కుర్రాడు. పని మీద నిజమైన ఆశ ఉన్నవాడు. ఊరికి నీడ లేదు, మనుషులు సాయంత్రం కాసేపు నడవడానికి పచ్చటి చోటు లేదు, ముందు ఆ చోటేదో చూపించండి అన్నాడు. చూపించింది నేనే. ఉదయగిరి బస్సులు పోయే దారిలో వాగుగట్టు పోరంబోకు.

అదంతా కంప. బయటివాళ్లు సర్కారు తుమ్మ అంటారు. మాకు ఉత్త కంప. భూమిలోని నీళ్లన్నీ అదే తాగుతుంది, దాని కింద గడ్డిపోచ మొలవదు, ముల్లు దిగితే చీము పట్టక మానదు, దాన్ని తీసేసి వేపలు, కానుగలు నాటితే పక్క బోర్లు కూడా బతుకుతాయి అని చెప్పాను. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. అందుకే ఆ తర్వాత అబద్ధం చెప్పినప్పుడు కూడా అందరూ నమ్మారు.

అభ్యంతరాలుంటే చెప్పుకోమని ఊళ్లో చాటించాక ఒక్క ముసలామె వచ్చింది. మేకలు తోలుకునే ఇంటి మనిషి. చేతికర్ర తలుపు దగ్గర ఆనించి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడింది.

"ఏందవ్వా, నీ మేకలకు కంపకాయలు దొరకవని బాధా?" అన్నాను. అందరూ నవ్వారు.

"మేకలకేంది నాయనా, యాడన్నా కొరుక్కుంటాయి. నీ అంగడి ముందర మొక్క కూడా తింటాయి" అంది. మళ్లీ నవ్వులు. ఆమె నవ్వలేదు. "ఆడ మా పసిగుడ్లుండారు. నాకు ఇద్దరు, మా కోడలికి ఒకడు. మగోళ్లు ఎత్తుకుపోయినారు, మగోళ్లే పూడ్చినారు. యాడ పెట్టినారో మాకెవురు చూపించినారు? అందుకని ఆ కంప మొత్తాన్నీ చూసుకుంటా పోతాము. అది కొట్టేస్తే మేము దేన్ని చూడాల?"

కమిషనర్ పెన్ను కింద పెట్టాడు. "అక్కడ శ్మశానం ఉందా సార్? మీరు లోకల్ కదా. ఉంటే మనం వేరే చోటు చూసుకోవాలి" అని నన్ను అడిగాడు.

"శ్మశానం ఊరికి అవతల ఉండాది సార్. ఆడ కంప తప్ప ఏమీ లేదు."

"లేదని నువ్వు చూసినావా నాయనా?" అంది ముసలామె.

"చూసినాను" అన్నాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. "అట్నా. చూసినోడివి నువ్వు. మేము చూళ్లేదు గదా" అని కర్ర తీసుకుని మెట్లు దిగిపోయింది. చూసినానన్న నా మాటకు ఆమె దగ్గర బదులు లేకపోవడానికి కారణం మా ఆచారమే. పసిబిడ్డ పోతే తల్లి వెంట రాకూడదు. చోటు అడగకూడదు. చూడని మనిషి సాక్ష్యం చెల్లదు.

చూసిన మనిషిని నేను. చూడటమే కాదు, తవ్విన మనిషిని.

మా మొదటి బిడ్డ ఆడపిల్ల. ఆత్మకూరు ఆసుపత్రిలో పుట్టి, పేరు పెట్టకముందే పోయింది. నా భార్య పాత చీర చింపి చుట్టాం. మా నాయన ముందు నడిచాడు, బిడ్డను నేను ఎత్తుకున్నాను, వెనక మా పాలేరు పార తెచ్చాడు. వాగుగట్టున పార రాళ్లకు తగిలి ఖంగుమంటుంటే పాలేరు చేతిలోంచి తీసుకుని నేనే తవ్వాను. మట్టి కప్పాక నాయన ఒక కంపమండ కొట్టి పైన వేయించాడు, కుక్కలు, నక్కలు రాకుండా. మండ కదలకుండా రాళ్లు పెట్టించాడు. "ఇంక పా. తిరిగి చూడబాక" అన్నాడు. నేను చూడలేదు. నాయన చెప్పినవాటిలో నేను అంత బాగా పాటించింది మరొకటి లేదు.

ఇంటికి వచ్చాక నా భార్య అడిగింది. "యాడ పెట్టినారు?"

"వాగు కాడ."

"వాగు కాడంటే యాడ? ఏదన్నా గుర్తుండాదా?"

"ఆడదానివి, నీకెందుకు ఆ మాటలు" అన్నాను. కోపంతో అనలేదు. అలా అంటే తొందరగా మరిచిపోతుందని, మరిచిపోవడమే మంచిదని, ఆ వయసులో నాకున్న జ్ఞానం అంతే. మళ్లీ రెండుసార్లో మూడుసార్లో అడిగింది. నేను లేచి అంగడికి పోయాను. తర్వాత అడగడం మానేసింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెరిగారు, పెళ్లిళ్లయ్యాయి. ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే నేను ఇద్దరు అనేవాణ్ణి. ఆమె తను చెప్పకుండా, ఆ జవాబు నన్నే చెప్పనిచ్చేది.

మరిచిపోవడానికి నేను కష్టపడలేదు కూడా. ఆ రోజు కమిటీలో కూర్చున్నప్పుడు మాత్రం నాకు అన్నీ గుర్తొచ్చాయి. ఉంది అని చెబితే ఎవరిదని అడుగుతారు. అంతమంది మగవాళ్ల ముందు, ఆ మేకల ముసలామె ముందు, నాదీ ఒకటుంది అని చెప్పాలి. పైగా చోటు చూపించింది నేను. నా మాట తగ్గిపోతుంది. ఈ రెంటిలో ఏది ఎక్కువ బరువైందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రెండోదేనేమోనని భయం.

పని మొదలైన రోజు జేసీబీ ముందు కొబ్బరికాయ కొట్టింది నేనే. నా భార్య ఊళ్లో లేదు. చిన్నమ్మాయి కాన్పుకని నెల్లూరు వెళ్లింది. యంత్రం కంపను వేళ్లతో సహా పెకలిస్తుంటే నేను రోడ్డు మీదే నిలబడ్డాను, లోపలికి పోలేదు. కంపతో పాటు రాళ్లు పైకి వచ్చాయి. ఊరికే దొర్లిన రాళ్లు కావవి. చేతికి ఇమిడేవి, ఒక్కోచోట నాలుగైదు కలిసి వచ్చాయి. ఎవరో ఏరి తెచ్చి పెట్టినవని చూస్తేనే తెలుస్తుంది. డ్రైవర్ ఆపి, తల బయటికి పెట్టి అరిచాడు. "సార్, ఈ రాళ్లు యాడ పోయమంటారు?"

"పక్కన కుప్ప వెయ్యి. నడిచే దారికి అంచు పెట్టుకుందాం" అన్నాను.

ఆమె నెల్లూరు నుంచి వచ్చాక, మనవరాలు పుట్టిన మిఠాయి వాళ్లన్నకు ఇవ్వాలని ఇద్దరం ఉదయగిరి బస్సెక్కాం. ఆమె పుట్టిల్లు అటే. అమ్మానాన్నలు పోయాక కూడా ఏదో ఒక వంకతో పోయి వస్తూనే ఉండేది. "మాటిమాటికీ ఏం పనే ఉదయగిరికి?" అని నేను విసుక్కునేవాణ్ణి. ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేది. పోయేటప్పుడు ఎడమవైపు, వచ్చేటప్పుడు కుడివైపు. ఎండ మొహం మీద పడుతున్నా చోటు మారేది కాదు. గాలి కోసమని అనుకున్నాను.

ఆ రోజూ ఎడమవైపే కూర్చుంది. బస్సు ఊరు దాటి వాగు దగ్గరికి వచ్చేసరికి మిఠాయి డబ్బా ఒళ్లో సర్దుకుని, మొహం పూర్తిగా బయటికి తిప్పింది. ఆ క్షణంలో, ఇన్నేళ్లకు, ఆమె అటువైపే ఎందుకు కూర్చుంటుందో నాకు తెలిసింది. ఆమెను మాటల్లో పెట్టాలని ఏదో అనబోయాను. అప్పటికే వాగు వచ్చేసింది.

కంప లేదు. చదును చేసిన ఎర్రనేల, కర్రలు కట్టిన మొక్కలు, సున్నం కొట్టిన రాళ్ల వరసలు. ఆమె మెడ తిప్పి వెనక్కి, ఇంకా వెనక్కి చూసింది, బస్సు మలుపు తిరిగేదాకా. అనుమసముద్రంపేట దర్గాకు పోయే ఒక తల్లి పక్క సీట్లో బిడ్డను ఆడిస్తోంది. నా భార్య ఆ బిడ్డను చూసి నవ్వింది కూడా. వింజమూరు వచ్చాక అడిగింది.

"ఏమయ్యా, ఆ కమిటీలో నువ్వు ఉండావు గదా?"

"ఉండాను."

"మరి చెప్పలేదా వాళ్లకు?"

నేను కిటికీలోంచి బస్టాండు చూశాను. ఆమె మళ్లీ అడగలేదు. వాళ్లన్న ఇంట్లో మిఠాయి పంచింది, మనవరాలి ముక్కు ఎవరిదో చెప్పి నవ్వించింది. తిరిగి వచ్చేటప్పుడు కుడివైపు కిటికీ ఖాళీగానే ఉంది. ఆమె ఎడమవైపు కూర్చుంది.

మరుసటి రోజు పొద్దున చీర కొంగు సర్దుకుని వచ్చి నా ముందు నిలబడింది. "పా. యాడ పెట్టినారో చూపియ్యి. అప్పుడు అడగద్దంటివి, అడగలేదు. ఇప్పుడు అడగతా ఉండాను."

పార్కుకు ఇంకా తలుపులు పెట్టలేదు. ఆమె చెప్పులు రోడ్డు పక్కన విడిచి లోపలికి వచ్చింది. నేను విడవలేదు, ఆలోచన రాలేదు. అటూ ఇటూ నడిచాను. నా గుర్తల్లా రెండు కంపచెట్ల మధ్య ఒక రాతిగుండు. చెట్లు లేవు. గుండు ఎక్కడికి దొర్లించారో తెలియదు. వాగు వంపు కూడా సరిచేసి మట్టి పోశారు. ఆమె నా వెనకే నడుస్తోంది. ఏదో ఒకటి చూపిస్తే ఈమెకు ఒక చోటంటూ మిగులుతుంది కదా అనుకున్నాను. ఒక కానుగ మొక్క దగ్గర ఆగి, "ఇదిగో, ఈడ" అన్నాను.

ఆమె మొక్కను చూడలేదు. నా చేతిని చూసింది.

"అబద్ధం చెప్పబాకయ్యా. ఈ ఒక్కసారన్నా."

చెయ్యి దించేశాను. "తెలీదు" అన్నాను. "మరిచిపోయినాను." నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, అదీ రాలేదు. ఆమె వంగి దారి అంచున ఉన్న రాయి ఒకదాన్ని తాకింది. సున్నం వేలికి అంటింది. "ఈ రాళ్లు యాడివి?" అంది. ఈసారి నిజమే చెప్పాను. వీటిని ఇక్కడ పెట్టించింది నేనే అని కూడా చెప్పాను. ఆమె ఆ వరస వెంబడి చివరిదాకా చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచింది. నాతో కలిసి కాదు.

తర్వాతి మీటింగులో లేచి నిలబడి అంతా చెప్పాను. ముసలామె చెప్పింది నిజమని, నేను చెప్పింది అబద్ధమని, అందులో నా బిడ్డ కూడా ఉందని. ఆ కుర్ర కమిషనర్ అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయాడు. అతని చోట వచ్చిన కమిషనర్ మర్యాదగా, "ఇప్పుడు ఏం చేద్దామంటారు సార్?" అన్నాడు. వాగు వైపు ఒక మూల వదిలేద్దాం, అక్కడ కంప దానంతటది మొలిస్తే మొలవనిద్దాం అన్నాను.

"పార్కులో కంప పెంచుతామా అన్నా? దాన్ని పీకాలని మొత్తుకుంది నువ్వే గదా" అని పక్క సభ్యుడు మెల్లగా అన్నాడు. వెక్కిరింపుగా కాదు. అతని మాటలో తప్పు లేదు. చూద్దామని అన్నారు. తర్వాతి విషయానికి పోయారు. ముసలామె ఇల్లు వెతుక్కుంటూ కూడా పోయాను. ఆమె మందతో సోమశిల వైపు మేతకు పోయిందని చెప్పారు. ఆమెకు చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది.

కంప వేరు ఒక పట్టాన చావదు. వానలు పడ్డాక వాగువైపు మూల పచ్చటి చిగుళ్లు లేచాయి. ఎవరు చెప్పారో, నా భార్య రోజూ సాయంత్రం అక్కడికి పోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు గేటు ఉంది. గేటు బయట చెప్పులు విడిచి దారి చుట్టూ నడుస్తుంది. ఉత్త కాళ్లతో నడిస్తే షుగర్‌కు మంచిదని మిగతావాళ్లు అనుకుంటారు. నన్ను రమ్మనదు, వద్దనదు. నేను కాస్త వెనకగా నడుస్తాను, చెప్పులు విడిచే.

ఒక సాయంత్రం తోటమాలి ఆ మూల కూర్చుని కత్తితో చిగుళ్లు కొడుతున్నాడు. ఆమె గబగబా పోయింది.

"కొట్టబాక నాయనా. ఉండనీ."

"ఆర్డరమ్మా" అన్నాడు అతను, కత్తి ఆపకుండానే. "కంప మొలిస్తే ఎప్పటికప్పుడు కొట్టెయ్యాలని పార్కు పని మొదలైనప్పుడే కమిటీవోళ్లు రాసిచ్చినారు." అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. "సార్‌ను అడగండి. సంతకం పెట్టింది సారే."

ఆమె నా వైపు తిరగలేదు. కొట్టేసిన మండల్లో ఒకటి తీసుకుంది. ముల్లు గుచ్చుకున్నట్టుంది, చెయ్యి ఒకసారి విదిలించింది. దాన్ని ఆ మూల నేల మీద పరిచింది. దారి అంచు నుంచి సున్నపు రాళ్లు ఒక్కొక్కటే తెచ్చి, మండ కదలకుండా పైన పెట్టింది. ఇది ఎలా చేస్తారో ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. కొంగుకు చెయ్యి తుడుచుకుని నా పక్కనుంచి గేటు వైపు నడిచింది. తిరిగి చూడలేదు.

తోటమాలి కత్తి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "సార్, రాళ్లు మళ్లా లైన్లో పెట్టేదా?" అన్నాడు.

"వద్దు. ఉండనీ" అన్నాను.

తల ఊపాడు. ఎన్నాళ్లు ఉంచుతాడో తెలియదు. ఆర్డరు ఇంకా మారలేదు.