జులై ఒకటిన కదలని మూడు ఇళ్ళు

నోయెమి లసెర్త్ మా మేడమీద వాటా చూడ్డానికి వచ్చింది మార్చిలో. వీధినిండా మంచు కరిగి ఒకటే బురద. గుమ్మం దగ్గర బూట్లు విప్పేసి, మేజోళ్ళతోనే గదులన్నిట్లో పరుగెత్తింది. మాటవరసకి అనడం కాదు, నిజంగా పరుగే. ముప్పై రెండేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి! వంటింటి కిటికీ తెరిచి, తల బయటికి పెట్టి, "మదాం బెట్టే! పెరడుంది! నిజమైన పెరడు!" అని కేకేసింది.

"ఉండదా మరి? ఇల్లు గాల్లో కట్టారనుకున్నావా?" అన్నాను.

ఇలా గంతులేసే వాళ్ళంటే నాకు భయం. మూడో నెలకి గంతులు ఆగిపోయి కుళాయి మీద ఫిర్యాదులు మొదలవుతాయి. ముప్పయ్యేళ్ళుగా కింద నేనుంటూ పైవాటా అద్దెకిస్తున్నదాన్ని, ఆమాత్రం తెలీదా? కానీ ఈ పిల్ల అడిగిన ప్రశ్నలు వేరుగా ఉన్నాయి. పొద్దున ఎండ ఏ గదిలోకి వస్తుంది, చలికాలం మంచు ఎత్తే బండి ఆ మంచంతా ఏ వైపు పోస్తుంది, పక్కింటి కుక్క పేరేంటి. అద్దె ఎంతో అన్నిటికన్నా ఆఖర్న అడిగింది. చెప్పాక, తప్పుగా విన్నాననుకుని మళ్ళీ అడిగింది. మాంట్రియల్‌లో ఆ డబ్బుకి గది కూడా రాదట, గదిలో ఓ మూల వస్తే గొప్పట.

ఆమె స్కూలు బస్సు డ్రైవరు. మా ఊరు త్రువా రివియేర్‌లో కూడా సెప్టెంబరు నుంచి ఒక బస్సు ఖాయం చేసుకునే వచ్చింది. టీ ఇస్తే తాగుతూ తన సంగతంతా చెప్పేసింది. పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ళు వచ్చేలోపు పదకొండు ఇళ్ళు మారారట. వాళ్ళమ్మకి ఏ ఇల్లూ నచ్చేది కాదు, ఏ ఓనరుతోనూ పడేది కాదు.

"పదకొండు సార్లు నా బొమ్మల డబ్బా నేనే మోసుకున్నాను మదాం. మా ఫ్లావీకి ఆరేళ్ళు. అప్పుడే దానిది మూడోసారి. నేనిక మారను. పిల్లలు ఒకే గోడ మీద గీతలు గీసుకుని ఎత్తు కొలుచుకోవాలి."

"నా గోడల మీదా?" అన్నాను.

"పెన్సిల్‌తోనే లెండి" అంది.

మొగుడు రాలేదేమని అడిగాను. యానిక్ లిఫ్టులు బాగుచేసే మనిషి. మాంట్రియల్‌లోనే పుట్టి, పుట్టిన వీధిలోనే పెరిగి, ఆ వీధిలోనే ఒక వాటాలోంచి ఇంకో వాటాలోకి మారుతూ కాపురం చేస్తున్నాడు. నా ముందే ఫోన్ చేసి పెరడు గురించి ఊదరగొడుతుంటే అవతలినుంచి అతని గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది: "అంతా బానే ఉంది నోయెమీ, అసలు ఆ ఊళ్ళో లిఫ్టులెన్ని?" నాకు ఒళ్ళు మండి ఫోన్ లాక్కున్నాను. "లెక్కపెట్టడానికి నీ చేతివేళ్ళు చాలవు, కాలివేళ్ళు కూడా తెచ్చుకో" అన్నాను. అటువైపు నవ్వు వినబడింది. తర్వాత ఆసుపత్రి లిఫ్టులు చూసుకునే పని దొరికింది గాని, అతని మనసు మాత్రం ఇటు రాలేదని నాకు అప్పుడే అనిపించింది.

మా క్యుబెక్‌లో అద్దె ఒప్పందాలన్నీ జూన్ ముప్పయ్యో తేదీతో ముగుస్తాయి. ఇల్లు మారేవాళ్ళంతా జులై ఒకటినే మారతారు. ఆ రోజు కెనడా పుట్టినరోజని మిగతా దేశం జెండాలు ఎగరేసుకుంటుంటే మేం ఫ్రిజ్జులు ఎత్తుకుంటాం. ఆ రోజు తెల్లారేసరికే మా వీధి వీధంతా వాకిట్లోకి వచ్చి కూర్చుంది. పరుపులు చెట్లకి ఆనించి, సోఫాలు కాలిబాట మీద వేసి, ఒకరి పెట్టెలు ఒకరి పెట్టెల్లో కలిసిపోయి, ఎవరి పిల్లి ఎవరి బీరువాలో దూరిందో తెలీకుండా. నాకు ఏడాదిలో అన్నిటికన్నా ఇష్టమైన రోజిది. మనుషులు దాచుకున్నవన్నీ ఆరోజు బయటపడతాయి.

పది గంటలకి లసెర్త్ వాళ్ళ లారీ వచ్చింది. అది ఆగకముందే నోయెమి దూకింది. ఫ్లావీ దిగుతూనే ముక్కు మూసుకుని, "అమ్మా, ఊరంతా కుళ్ళిన కాబేజీ వాసన!" అంది.

"అది కాగితం మిల్లు వాసనే పిల్లా. వారం రోజులు పోతే నీకే తెలీదు. ఈలోపు ఇవి తిను" అని స్ట్రాబెర్రీల బుట్ట చేతిలో పెట్టాను. మూడేళ్ళ లుడో నాలుగు ఒకేసారి నోట్లో కుక్కుకుని, చొక్కా ఎర్రగా చేసుకుని, ఈ ఊరు తనకి నచ్చిందని ప్రకటించాడు.

ఇల్లు మాత్రం ఖాళీ అవలేదు. పై వాటాలో ఉండే ఫెర్నాన్ ముసలాయన వంటింట్లో తన అట్టపెట్టెల మీద, అకార్డియన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పులు. పక్క వీధిలో కింది వాటాకి మారుతున్నాడు.

"ఏంటయ్యా ఇంకా?" అన్నాను.

"నేనేం చెయ్యను సొలాంజ్? నేను వెళ్ళే ఇంట్లో జినెత్ ఇంకా కదల్లేదు. ఫోన్ చేస్తానంది. చెయ్యలేదు."

పదకొండైంది. పన్నెండైంది. సాయానికొచ్చిన స్నేహితులు పిజ్జాలు తినేసి, బీర్లు తాగేసి, ఇక ఎత్తడానికేమీ లేక ఒకరి కండలు ఒకరు చూసుకుంటున్నారు. యానిక్ లారీ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మూడు గంటలకి లారీ మెట్టు మీద నిలబడి అందరి ముందే అనేశాడు.

"నోయెమీ, ఆరుదాకా చూస్తా. అప్పటికి ఇల్లు ఖాళీ కాకపోతే లారీ వెనక్కి తిప్పుతా."

"వెనక్కి ఎక్కడికి? ఆ ఇల్లు వదిలేశాంగా. మీ అన్న ఇంట్లో నేలమాళిగలోకా?"

"అది నేను చూసుకుంటాలే."

"వాళ్ళెవరో ఫోన్ చెయ్యడం మర్చిపోతే నా పిల్లల జీవితం మార్చేస్తావా?"

"నా జీవితం మార్చేటప్పుడు నువ్వు అడిగావా?"

 వీధిలో అందరూ ఎటో చూస్తున్నట్టు నటించారు. నేను నటించలేదు, సూటిగానే చూశాను. నోయెమి ముఖంలో భయం చూడ్డం నాకు అదే మొదటిసారి. ఒక్క క్షణమే. ఆ వెంటనే ఫ్లావీ చెయ్యి పట్టుకుంది.

"మదాం, ఆ జినెత్ ఇల్లెక్కడ? ట్రాఫిక్ ఆగిపోతే అందరూ హారన్ కొడుతూ కూర్చుంటారు. నేను దిగి ముందుకెళ్ళి చూస్తా. ఎక్కడో ఎవరో ఒక్కడే అడ్డంగా నిలబడి ఉంటాడు."

"పద, నేనూ వస్తా" అన్నాను. ఇల్లు నాదాయె. పైగా ఇలాంటిది చూడకుండా ఇంట్లో కూర్చుంటే నాకు రాత్రి నిద్ర పట్టదు.

జినెత్ క్షౌరశాల నడిపేది. వెళ్ళేసరికి ఆమె సామానంతా వాకిట్లో ఉంది. ఆ సామాను మధ్యలో కుర్చీ వేసి, వరసగా ఇల్లు మారేవాళ్ళకి జుట్టు కత్తిరిస్తోంది. గాలికి వెంట్రుకలు పరుపుల మీదికి ఎగురుతున్నాయి.

"ఖాళీగా కూర్చుని ఏం చెయ్యను?" అంది, కత్తెర ఆపకుండా. "నేను రెడీయే. నేను వెళ్ళే ఇంట్లోంచి ఆ లొయిక్ కుర్రాడు కదిలితేగా! వాడు కొండెక్కి కూర్చున్నాడు. పొద్దున్నుంచి ఫోన్ చెవికి అతికించుకుని 'ఇప్పుడే, ఇప్పుడే' అంటాడు. నువ్వు ఎవరమ్మా? నీ జుట్టు చివర్లు చిట్లాయి."

"తర్వాత వస్తా. ఖాయంగా వస్తా. ఆ లొయిక్ ఎక్కడ?" అంది నోయెమి, నడుస్తూనే.

లొయిక్ ఇల్లు నది వైపు, మూడో అంతస్తు. ఇనప మెట్లు వీధిలోంచే వంకర తిరుగుతూ పైకి పోతాయి. నా వయసుకి అవి ఎక్కడం ఒక ఘనకార్యం. ఫ్లావీ నన్ను వెనకనుంచి నెట్టింది. పైన ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు కట్టిపెట్టిన పెట్టెల మధ్య, ఏడుపొక్కటే తక్కువగా ఉన్నాడు.

"నాకోసం ఇన్నిళ్ళు ఆగాయని తెలుసక్కా. తిట్టండి, పడతాను. కానీ సామాను ఎక్కించి ఎక్కడికి తీసుకెళ్ళను? మా ఆవిడ మహే పొద్దున్నే మాంట్రియల్ వెళ్ళింది. ఏడో నెల. కొత్తింటి మెట్ల మీద పిల్లిబుట్ట పెట్టుకుని కూర్చుంది. పాతవాళ్ళు తాళంచెవి కిందావిడకి ఇచ్చి పోతామన్నారట, ఇవ్వలేదు. ఓనరు ఏదో చెరువు దగ్గర చేపలు పడుతూ ఫోన్ ఎత్తడు. ఆ పాతవాళ్ళు ఎవరోగాని, మనుషులేనా అసలు?"

"దొంగవెధవలు" అన్నాను నేను, మనస్ఫూర్తిగా.

"ఏ వీధి?" అంది నోయెమి. ఊరు తెలిసిన మనిషి కదా, సాయం చేద్దామని.

లొయిక్ ఫోన్ చూపించాడు. మహే పంపిన ఫొటో. వంకర మెట్లు, పైన ఆకుపచ్చ తలుపు, తలుపు పక్క గోడ మీద పిల్లలు అంటించిన కప్ప బొమ్మ.

"అమ్మా, అది నా కప్ప!" అంది ఫ్లావీ.

నోయెమి మెల్లగా ఒక పెట్టె మీద కూర్చుంది. పొద్దున బయల్దేరేటప్పుడు తను పిల్లల్ని సీట్లలో కడుతూ, "కిందావిడకి తాళంచెవి ఇచ్చి రా" అని పంపింది యానిక్‌నే. అతను పైకెళ్ళి, కిందికొచ్చి, లారీ ఎక్కాడట. ఇచ్చావా అని ఆమె అడగలేదు. నేను అనుకున్నదాన్ని గట్టిగా అనకుండా ఉండడానికి నాలుక కొరుక్కున్నాను. ఆమె ఏడుస్తుందేమో అనుకుంటే నవ్వింది. నవ్వి, లొయిక్ వైపు తిరిగి, "ఆ మనుషులం మేమే. ఇక్కణ్ణుంచి కదలకు. సామాను లారీలో ఎక్కించు" అంది.

"ఎక్కించాక?"

"ఎక్కించమన్నానా!"

తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనక నేను పరుగెత్తాల్సి వచ్చింది. యానిక్ మా వాకిట్లో సోఫా చెయ్యి మీద కూర్చున్నాడు. ఒళ్ళో లుడో నిద్రపోతున్నాడు. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. అతనికి అర్థమైపోయింది. చెయ్యి తనకు తెలీకుండానే ప్యాంటు జేబు మీదకి వెళ్ళింది.

"ఫెర్నాన్ గారు జినెత్ కోసం ఆగారు" అంది. "జినెత్ లొయిక్ కోసం ఆగింది. లొయిక్ నీ కోసం ఆగాడు. పొద్దున్నుంచి నువ్వే ఇల్లు ఖాళీ చెయ్యకుండా, ఇల్లు ఖాళీ కాలేదని నా మీద అరిచావు."

 యానిక్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేను నీ జేబులో చెయ్యి పెట్టి తియ్యను యానిక్. తీస్తే ఇంకో పదేళ్ళు అదే అంటావు, నేనే లాక్కొచ్చానని. నాకు ఈ ఊరంటే ఇష్టం. ఈ పెరడంటే ఇష్టం. నువ్వంటే కూడా ఇష్టమే, అదే నా ఖర్మ. నీకు రావాలని ఉంటే నువ్వే నది వైపు ఆ లొయిక్ ఇంటికి వెళ్ళి ఇచ్చి రా. లేదంటే లారీ తిప్పు, పిల్లల్ని ఎక్కిస్తా. ఆ లొయిక్ భార్య మాత్రం ఏడో నెల కడుపుతో ఎండలో మెట్ల మీద కూర్చుంది."

నేను ఒక చెంపదెబ్బకి సిద్ధంగా ఉన్నాను, అది నా చేతిదే. కానీ అతని ముఖం చూస్తే చెయ్యి లేవలేదు. ముప్పై నాలుగేళ్ళవాడు, తప్పిపోయిన పిల్లాడిలా ఉన్నాడు.

"మన మెట్ల మీదా?" అన్నాడు.

"వాళ్ళ మెట్ల మీద" అంది నోయెమి.

లుడోని ఆమె చేతుల్లో పెట్టి లేచాడు.  లారీ పక్కనుంచి వెళ్తుంటే ఎక్కుతాడేమోనని మెడ చాచి చూశాను. ఎక్కలేదు. నది ఎటు అని ఎవరినో అడిగి, అటు నడిచాడు. నోయెమి సోఫాలో కూలబడి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఉంగరం గుచ్చుకున్నా నేను తియ్యలేదు. నలభై నిమిషాలు. మధ్యలో ఫ్లావీ మిగిలిన స్ట్రాబెర్రీలన్నీ తినేసింది.

అతను తిరిగొచ్చేసరికి చొక్కా తడిసిపోయి ఉంది. లొయిక్ సామాను ఎక్కించడంలో చెయ్యేశాడట.

"ఇచ్చేశా" అన్నాడు. "తలుపు కాస్త పైకెత్తి తాళం తిప్పాలని చెప్పా. లేకపోతే రాదుగా అది."

"వేడినీళ్ళ కుళాయి ఎదురువైపుకి తిప్పాలని?"

"చెప్పా. చలికాలం పడగ్గది కిటికీ సందుల్లో దుప్పటి కుక్కాలని కూడా చెప్పా. రాసుకున్నాడు పాపం" అన్నాడు. అని, ముక్కు గట్టిగా చీదుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. లొయిక్ లారీ హారన్ కొట్టుకుంటూ వీధిలోంచి వెళ్ళింది. పావుగంటకి జినెత్ పరుపులు కదిలాయి, వాటి మీద ఊరందరి వెంట్రుకలతో సహా. ఫెర్నాన్ ముసలాయన్ని కుర్చీతో సహా ఎత్తి మెట్లు దింపారు. దిగుతున్నంతసేపూ ఆయన అకార్డియన్ వాయిస్తూనే ఉన్నాడు. ఇక లసెర్త్ వాళ్ళ ఫ్రిజ్జు. మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంది. "ఎడమకి!" "నా ఎడమకా నీ ఎడమకా?" "ఎవడి ఎడమైతే ఏంట్రా, ఎత్తు!" లిఫ్టుల మనిషి కదా, యానిక్ కింద నిలబడి తాళ్ళు కట్టి, కప్పీ ఒకటి బాల్కనీకి తగిలించి, ఫ్రిజ్జుని గాల్లోంచే పైకి లాగించాడు. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఎదురింటివాళ్ళు తమ బీరువా కూడా ఎక్కించిపెట్టమని వచ్చి అడిగారు. ఎక్కించాడు. ఆ తర్వాత ఇంకొకరిది. ఈ ఊళ్ళో లిఫ్టులెన్ని అని అతను మళ్ళీ అడగలేదు.

తొమ్మిదింటికి ఇంకా వెలుతురుంది. పైన నోయెమి పిల్లల్ని పరుపు మీద గెంతనిస్తోంది, నా పైకప్పు దడదడమంటోంది. నేను కసురుకుందామని గుమ్మంలోకి వచ్చేసరికి యానిక్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, మళ్ళీ తీసి, ఏం చేసుకోవాలో తెలీనట్టు.

"మదాం, ఇందాక మీరు నోయెమికి ఒక తాళంచెవి ఇచ్చారు కదా" అన్నాడు. "నాకూ ఒకటి కావాలి."