పలకరించని చలికాలం

ఐన్ ద్రాహం అనే ఊరి పైకొండల్లో మేకలు కాసుకుని బతికిన మనిషి ముంజియా. మొగుడు పోయాక ఒంటరిగానే నెట్టుకొచ్చింది. మంచులో జారిపడి తుంటి విరిగాక మేనల్లుడు నబీహ్ ఆమెను కింద జెందూబా పట్నంలోని వృద్ధాశ్రమంలో చేర్చాడు. నేనక్కడ వంటమనిషిని.

"చలికాలం పోయేదాకే అత్తా," అన్నాడు.

"మరి మేకల్ని ఎవరు చూస్తార్రా?"

నబీహ్ నేలచూపులు చూశాడు. అమ్మేశాడని ఆమెకప్పుడు అర్థమైంది. చాలా రోజులు మా రొట్టె ముట్టలేదు. "ఇది రొట్టెటే? దూది," అనేది.

అదే హాల్లో కిటికీ పక్క మంచం షాద్లియాది. ఊళ్లో ఒకే కంచెకు అటూ ఇటూ ఇళ్లు వాళ్లిద్దరివి. ఒకసారి ముంజియా మేకలు షాద్లియా చిక్కుడు మడంతా మేసేశాయి. "గొడ్రాలు! మేకల్ని పెంచడమైనా చేతకాదు," అని నలుగురిలో అనేసింది షాద్లియా. ఆనాటి నుంచి మాటల్లేవు. ఇక్కడా ముంజియా ఆ వైపు తల తిప్పేది కాదు.

"ఒక్క మాట పలకరించొచ్చుగా పెద్దమ్మా?" అన్నాను.

"నోరు జారింది అది. రావాల్సిందీ అదే."

చలికాలమంతా నబీహ్ రాలేదు. ఊరి వానల గురించి, పోయినవాళ్ల గురించి చెప్పుకోవడానికి ముంజియాకు మనిషి కరువైంది. చివరికి ఒకనాటి పొద్దున తనే కర్ర పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది.

"ఎలా ఉన్నావే షాద్లియా?"

"రా అమ్మా, కూర్చో. ఏ ఊరు మీది?"

షాద్లియా మతి ఆ నెలల్లోనే కొద్దికొద్దిగా జారిపోయింది. మేమంతా చూస్తూనే ఉన్నాం. తల తిప్పుకుని కూర్చున్న ముంజియాకే తెలియలేదు.

"నేనేనే, ముంజియాని."

"పో, వేళాకోళం! ముంజియా జడ ఇంత లావుంటుంది. నేనో పాడు మాటన్నాను, పాపం, మా గుమ్మం తొక్కడం మానేసింది. కనిపిస్తే ఒకసారి రమ్మని చెప్పు."

ముంజియా ఆమె చెయ్యి పట్టుకుని, "చెబుతాలే," అంది.

ఆ తర్వాత రోజూ అక్కడే కూర్చునేది. షాద్లియాకు మాత్రం ఆమె రోజూ కొత్త మనిషే. ఎండలు ముదరకముందే షాద్లియా పోయింది. కొడుకులు శవాన్ని వ్యానులో ఊరికి తీసుకెళ్తుంటే ముంజియా నా చేత అడిగించింది, తననూ ఎక్కించుకోమని. తిరిగి ఎవరు దింపుతారని వాళ్లు ఒప్పుకోలేదు.

"వచ్చిన రోజే పలకరించి ఉంటే గుర్తుపట్టేది," అంది నాతో, వ్యాను వెళ్లిపోయాక.

ఇప్పటికీ మా దగ్గరే ఉంది. పండగలకు నబీహ్ వచ్చి ఊరి సంగతులు చెబుతాడు. ఆమె అడిగే పేర్లలో సగం అతనికి తెలియవు.