మాంసం కొట్టు మేడమీద క్యారెట్ రసం

వాల్‌బుర్గా పుట్టింది జర్మనీలోని రైఖెనావ్ దీవిలో. సరస్సు మధ్యనున్న ఆ చిన్న నేలలో ఎటు చూసినా లెట్యూస్ మళ్ళు, కీరదోస తీగలు, గాజు కప్పుల కింద టమాటాలు. వాళ్ళమ్మ పొద్దున్నే తడి ఆరకముందే ఆకు కోసుకొచ్చి చేత్తోనే చింపేది, కత్తి తగిలితే అంచు నల్లబడుతుందని. క్యారెట్‌నీ పుల్లటి యాపిల్‌నీ కలిపి తురిమి, నిమ్మకాయ పిండి, పైన కాస్త నూనె చిలకరించేది. దగ్గొస్తే నల్ల ముల్లంగి రసంలో తేనె, నీరసమొస్తే బీట్‌రూట్ రసం. బుర్గా పెళ్ళి చేసుకుని అవతలి ఒడ్డుకి పోయేటప్పుడు ఆవిడ కూతురికిచ్చిన సారెలో దుప్పట్ల మధ్య చేత్తో తిప్పి రసం పిండే ఇనుప మిషను ఒకటి ఉంది.

పెళ్ళికొడుకు గెబ్‌హార్ట్‌ది మాంసం కొట్టు. కింద కొట్టు, వెనక పందులు కోసే షెడ్డు, పైన ఇల్లు. మనిషి ఎర్రగా, ఎత్తుగా, పాటల బృందంలో గొంతెత్తితే కిటికీలు అదిరేలా ఉండేవాడు. సంతలో కీరదోసకాయలమ్ముతున్న పిల్లని చూసి ఇష్టపడ్డాడు. ఆ కీరదోసకాయలు తన ఇంటికీ వస్తాయని మాత్రం ఊహించుకోలేదు.

కొత్తలో బుర్గా రోజూ భోజనాల బల్లమీద ఓ గిన్నెడు పచ్చికూరలు పెట్టేది. గెబ్‌హార్ట్ ఆ గిన్నెను మోచేత్తో పక్కకి నెట్టి, పంది కొవ్వులో వేయించిన బంగాళాదుంపలు వడ్డించుకునేవాడు. ఆమెకి కుందేలని పేరు పెట్టింది కూడా అతనే. ఆ పేరు మెట్లు దిగి కొట్టులోకి చేరడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. సాసేజీలు కొనడానికొచ్చిన ఆడవాళ్ళు, కుందేలమ్మ ఇవాళ ఏం మేసిందని అడిగి నవ్వుకునేవారు. బుర్గా కాగితంలో పొట్లం కట్టి చేతికిచ్చి, తనూ నవ్వేది.

రెండో ఏడు ఆమె కడుపు నాలుగో నెలలో పోయింది. మంచం దిగి మొదటిసారి బల్ల దగ్గరికొచ్చి కూర్చున్న రోజున అత్తగారు సూపు వడ్డిస్తూ, మామూలు కబురు చెప్పినట్టు అంది: "పచ్చాకులు మేసే కడుపులో పిండం ఎలా నిలుస్తుందే? అసలు కుందేలైనా నయం, గంపెడు పెడుతుంది."

గెబ్‌హార్ట్ ఫక్కున నవ్వాడు. నవ్వినందుకు సిగ్గుపడ్డాడేమో, మీసానికంటిన ఆవపిండి తుడుచుకుంటూ తల దించుకున్నాడు. కానీ తల్లిని ఒక్కమాటనలేదు. బుర్గా సూపు తాగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మళ్ళీ కడుపు పండలేదు.

పెరట్లో, షెడ్డు గోడ పక్కన, ఆమెకో మడి ఉండేది. దీవి నుంచి తెచ్చిన విత్తనాలతో నేలను మెత్తగా చేసుకుని లెట్యూసూ, ముల్లంగీ, సోపాకూ పెంచుకుంది. మధ్యాహ్నం కొట్టు మూసే వేళ అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఉంటే ఎవరూ పిలవరు. ఓ ఆదివారం గెబ్‌హార్ట్ పాటల స్నేహితులు భోజనానికొచ్చారు. అతను ఆకు ఓ ముక్క నోట్లో వేసుకుని, ఉప్పు లేదని ముఖం వికారంగా పెట్టాడు. జనం ముందు ఎన్నడూ నోరెత్తని బుర్గా, పొగాకుతో మొద్దుబారిన నాలుకకి ఉప్పెలా తెలుస్తుందని అనేసింది. స్నేహితులు బల్ల గుద్ది మరీ నవ్వారు. గెబ్‌హార్ట్ కూడా నవ్వాడు గాని, చెవులు కందిపోయాయి.

మర్నాడు పొద్దున ఆమె కిటికీలోంచి చూస్తూండగానే, మాంసం ఊరబెట్టిన తొట్టిలోని ఉప్పునీళ్ళు బకెట్లకెత్తి తెచ్చి మడి నిండా పోశాడు. ఒక మూల కూడా వదల్లేదు. ఆపైన తలెత్తి కిటికీ వంక చూశాడు.

"సలాడ్‌కి ఉప్పేశాను. ఇప్పుడు రుచి చూడు."

ఆకులు సాయంత్రానికే వేలాడిపోయాయి. ఆ నేలలో ఏళ్ళ తరబడి గడ్డిపోచ మొలవలేదు. బుర్గా ఏడవలేదు, అరవలేదు. రైలుకట్ట పక్కన చిన్న నేల చెక్క అద్దెకు తీసుకుని సైకిలు మీద పోయి సాగు చేసుకునేది. పండించింది అక్కడే కడుక్కుని అక్కడే తినేది. ఇంట్లో మాత్రం సాసేజీలు ఉడకబెట్టి, మొగుడికి ఏది ఇష్టమైతే అది వడ్డించింది. ఎవరైనా చూస్తే ఆ కాపురం చల్లగా సాగుతోందనే అనుకుంటారు.

అరవై దాటని వయసులో గెబ్‌హార్ట్ ఓ పొద్దున కత్తి చేత్తో పట్టుకునే మాంసం కొట్టే మొద్దు పక్కన కూలిపోయాడు. ఆస్పత్రి నుంచి తెచ్చేసరికి కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాటల్లో ఒకే ఒక్కటి మిగిలింది: "అలా కాదు." పనివాళ్ళకి కోత నేర్పేటప్పుడు రోజంతా అనే మాటే అది. దాహం వేసినా అదే, నొప్పి పుట్టినా అదే, ఏడుపొచ్చినా అదే. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. ఏది పెడుతున్నారో, ఏది పెట్టడంలేదో అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

డాక్టరు బుర్గాని పక్కకి పిలిచి, మహా అయితే రెండు చలికాలాలన్నాడు. ఉప్పూ కొవ్వూ తగ్గించమన్నాడు. అయినా ఆదివారం ఆదివారం మెత్తటి లివర్ సాసేజి ఓ ముక్క పెట్టినా ఏం కాదు, మనిషికి ఏదో ఓ సుఖం ఉండాలిగా అన్నాడు. బుర్గా అలాగేనండీ అంది. ఆ సాసేజి ముక్క సంగతి ఆమె కడుపులోనే ఉండిపోయింది.

ఇనుప మిషను అటక దిగింది. పొద్దున క్యారెట్ రసం, పదింటికి బీట్‌రూట్, మధ్యాహ్నం యాపిల్‌తో కలిపి జావలా తురిమిన ముల్లంగి, రాత్రికి కీరదోస రసంలో పెరుగు. ఏ పూటకా పూట తాజాగా, రైలుకట్ట చెక్కలోంచి తెచ్చినవే. మొదట్లో గెబ్‌హార్ట్ పళ్ళు గిట్టకరిచేవాడు. బుర్గా కోప్పడేది కాదు. చంటిపిల్లకి మందు పోసినట్టు రెండు వేళ్ళతో సుతారంగా ముక్కు మూసేది. ఊపిరి కోసం నోరు తెరవగానే చెంచా లోపలికి పోయేది.

కొట్టుని పాత పనివాడు వెండెలిన్‌కి అప్పగించారు. గురువారం గురువారం పెద్ద కాగులో పంది మాంసం ఉడికేది, కొత్త సాసేజీలు వేసేవారు. ఆ ఆవిరి పెరట్లోంచి పైకి లేస్తుంది. గురువారం పొద్దున్నే బుర్గా మొగుడి కుర్చీని కిటికీ దగ్గరికి తోసి, రెక్కలు రెండూ తీసేది. స్వచ్ఛమైన గాలి తగలాలి గదా అనేది ఎవరైనా అడిగితే. తర్వాత అతని ఎదురుగానే కూర్చుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని క్యారెట్లు తురిమేది. అతని ముక్కుపుటాలు అదిరేవి, చొంగ గడ్డం మీదికి కారేది. ఆమె తుడిచి మళ్ళీ తురిమేది.

రెండు చలికాలాలూ పోయాయి, మూడోదీ పోయింది. గెబ్‌హార్ట్ పొట్ట కరిగింది, చర్మం పసివాడిదిలా నిగనిగలాడింది. డాక్టరు రక్తపోటు చూసి, నాకే ఇంత బాగా లేదన్నాడు. చర్చి ఆడవాళ్ళ సంఘం వాళ్ళు ఇంటికొచ్చి, ఆ సలాడ్లూ రసాలూ మాకూ నేర్పమని బతిమాలారు. కుందేలమ్మ అన్న నోళ్ళే, ఫ్రౌ వాల్‌బుర్గా అని గౌరవంగా పిలిచాయి. చర్చి హాల్లో బల్లమీద కూరలు పేర్చి ఆమె వాళ్ళకి చూపించింది, బీట్‌రూట్ తొక్క ఎలా తీయాలో, ఏ రసం దేనితో కలవదో. చివర్లో గెబ్‌హార్ట్ కుర్చీని ముందుకి తోసుకొచ్చింది. ఆ బుగ్గల రంగు చూసి ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. "అలా కాదు, అలా కాదు" అంటూ అతను ఏడ్చాడు. పాపం, ఆనందం పట్టలేకపోతున్నాడని వెనక వరసలో ఎవరో అన్నారు.

ఓ రోజు బుర్గా రైలుకట్ట చెక్క నుంచి తొందరగా తిరిగొచ్చేసరికి, వెండెలిన్ మోకాళ్ళ మీద కూర్చుని పాత యజమానికి లివర్ సాసేజి తినిపిస్తున్నాడు. గెబ్‌హార్ట్ కళ్ళు మూసుకుని నములుతున్నాడు.

"ఒక్క ముక్కేనమ్మగారూ," వెండెలిన్ లేచి నిలబడ్డాడు. "డాక్టరు గారే పెట్టొచ్చన్నారట. సెంటా అక్క ఆయన్నే అడిగి తెలుసుకుంది."

"ఇంకోసారి పైకొచ్చావంటే కొట్టు తాళాలు వేరేవాళ్ళకిస్తాను," అంది బుర్గా. వేలికి గుడ్డ చుట్టి, మొగుడి నోట్లో మిగిలిన ముద్దంతా లాగేసింది.

సెంటా గెబ్‌హార్ట్ చెల్లెలు. సంగతి విని ఆ సాయంత్రమే వచ్చింది.

"మా అన్నకి ఆ ముక్క ఎందుకు పెట్టవు?"

"ఆయన మంచికే."

"మంచికా? వాడు పోవాలనుకుంటున్నాడు వదినా. కళ్ళల్లోకి చూస్తే తెలీడంలా? నువ్వు పోనివ్వడం లేదు."

"మొగుణ్ణి బతికించుకోవడం తప్పని ఊళ్ళో చెప్పుకో పో. ఎవరు నమ్ముతారో చూద్దాం."

సెంటా అన్న తల నిమిరి వెళ్ళిపోయింది. బుర్గా తలుపు గడియ పెట్టొచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అతనితో ఉన్నమాట చెప్పింది ఆ ఒక్కసారే.

"నా మడిలో నువ్వు ఉప్పునీళ్ళు పోసిన రోజున, నిన్ను చంపాలనుకున్నాను గెబ్‌హార్ట్. చంపకపోవడమే మంచిదైంది."

"అలా కాదు," అన్నాడతను.

"ఇలాగే," అంది బుర్గా, చెంచా ఎత్తుతూ.

అలా తొమ్మిదో చలికాలం దాకా నడిచింది. ఈలోగా ఆమెకీ డెబ్భై దగ్గరపడ్డాయి. మగవాణ్ణి ఎత్తీ దించీ నడుం వంగిపోయింది, మిషను పిడి తిప్పీ తిప్పీ మణికట్లు వాచాయి. కోపం ఎప్పుడు చల్లారిందో ఆమెకే తెలియదు. పొద్దున లేవడం, తురమడం, పిండడం, ముక్కు మూయడం మాత్రం మిగిలాయి. ఒక గురువారం కిటికీ తీయబోయి, చెయ్యి ఎత్తలేక అలాగే ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా మెట్లు దిగి వెళ్ళి, వెండెలిన్‌ని లివర్ సాసేజి ఇమ్మంది. అతను అప్పుడే కాగులోంచి తీసిందే ఇచ్చాడు.

పైకి తెచ్చి, మెత్తగా చిదిమి, చెంచాతో మొగుడి పెదాల దగ్గర పెట్టింది. గెబ్‌హార్ట్ వాసన పీల్చాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత ఆమె ముఖంలోకి తిన్నగా చూస్తూ పళ్ళు గిట్టకరిచాడు.

"తిను. నిజంగానే తిను," అంది.

తెరవలేదు. ఆమె వేళ్ళు అలవాటుగా అతని ముక్కు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి. చెంచా పట్టుకుని అది చల్లారేదాకా కూర్చుంది. అతను చూపు తిప్పుకోలేదు. చివరికి ఆమె లేచి క్యారెట్ రసం గ్లాసు తెస్తే, నోరు తానే తెరిచి, ఒక్క చుక్క వదలకుండా తాగాడు.

మంచు కరుగుతున్న రోజుల్లో గెబ్‌హార్ట్ నిద్రలోనే పోయాడు. పాదిరిగారు సమాధి దగ్గర, ఇంతటి సేవ ఈ ఊరు ఎరగదన్నారు. తర్వాత సత్రంలో భోజనాలు. వెండెలిన్ పంపిన సాసేజీల పళ్ళాలు బల్ల పొడవునా వరసగా ఉన్నాయి, జనం ఆవురావురుమంటూ తింటున్నారు. బుర్గాకీ ఆకలిగానే ఉంది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. ఆమె చెయ్యి పళ్ళెం వైపు చాచేలోపల సంఘం ఆడవాళ్ళిద్దరు ఓ గాజు గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టారు. క్యారెట్టూ యాపిలూ తురుము, ఆమె నేర్పినట్టే చేశారట. నిమ్మరసం మరీ ఎక్కువైంది.

చుట్టూ అందరూ ఆమెనే చూస్తున్నారు. బుర్గా చెంచా తీసుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది.