సంతాప సందేశాల గుమాస్తా

మొన్న ఉదయం ఐర్లండులో, కార్క్ నగరం పక్కనున్న బాలింకాలిగ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఇడ్లీ తింటూ ఉండగా, తను ఫోను నా పళ్లెం పక్కన పెట్టి, "నాన్నా, మీ రాజుగారు పోయారట" అంది. "మీ రాజుగారు" అన్నది మా ఆవిడ మాట. ఆవిడ పోయి నాలుగు నెలలైంది గానీ మాట ఇంకా ఇంట్లో తిరుగుతూనే ఉంది. ఫోనులో ఉన్నది నా పాత సహోద్యోగి పంపిన సందేశం: పాత సిబ్బంది తరఫున అరపేజీ సంతాపం రాయాలి, అది నువ్వు రాస్తేనే బాగుంటుంది, సాయంత్రంలోగా పంపు, అని.

టైపూ షార్ట్‌హ్యాండూ పాసైతే ఎక్కడికైనా వెళ్లి బతకవచ్చునని మా తరం నమ్మిన రోజుల్లో, నేను ఒక చిన్న మలయ్ రాజ్యానికి, అక్కడి విదేశాంగ మంత్రి కార్యాలయంలో పనికి వెళ్లాను. మంత్రి సుల్తానుగారి తమ్ముడు, ఆఫీసులో అందరూ ప్రిన్స్ గారనేవారు. అన్న సింహాసనం ఎక్కితే తమ్ముడు విదేశాలు చూసుకోవాలి. ఆ పని ఆయనకు ఇష్టమో కాదో ఎవరూ అడిగినట్టు లేరు. ఒకసారి విమానంలో, సముద్రంలోని పడవలను కిందికి చూస్తూ, చేపలు పట్టడం తప్ప తనకు నిజంగా వచ్చిన పని ఏదీ లేదని నవ్వారు. ఎన్నడూ గొంతు పెంచేవారు కాదు. ప్రతి ఉత్తరమూ చివరి వరకూ చదివి గానీ సంతకం పెట్టేవారు కాదు. చెడ్డవాడై ఉంటే నాకీ బాధ సగం తగ్గేది.

నాకు అప్పగించింది సంతాపాలూ పరామర్శలూ ఉన్న ఫైలు. ఏ దేశంలో ఎవరు పోయినా గంటలో సందేశం వెళ్లాలి. దుఃఖానికి హోదాలుండేవి. రాజు పోతే ప్రగాఢం, ప్రధాని పోతే తీవ్రం, మంత్రి పోతే హృదయపూర్వకం. జబ్బుపడ్డ వాళ్లకు వేరే వాక్యాలు. ఇరవై రెండేళ్లు ఆ ఖాళీల్లో పేర్లు నింపాను, నిజంగా చెప్పాలంటే ఒక్కసారి కూడా ఎవరికోసమూ బాధపడలేదు.

మలయ్ రాజ్యాల్లో పసుపు రంగు రాజకుటుంబానిది, వారి గడపలోకి ఇతరులు ఆ రంగు కట్టుకుని వెళ్లకూడదు. రంజాన్ పండుగకు ప్రిన్స్ గారింట్లో సిబ్బంది కుటుంబాలకు విందు ఉండేది. ఆ నిబంధన ఉన్న సర్క్యులరు టైపు చేసింది నేనే, అందరి బల్లల మీదా పెట్టింది నేనే. ఇంట్లో చెప్పడం మాత్రం మరిచిపోయాను. మా ఆవిడ అక్కడికి వచ్చి అప్పటికి మూడు నెలలు. పండుగ కదా అని పసుపుపచ్చ పట్టుచీర కట్టుకుంది. చూసి, బాగుంది అని కూడా అన్నాను.

గేటు దగ్గర మగవాళ్లది ఒక వరుస, ఆడవాళ్లది ఒక వరుస. అక్కడ మనిషిని చూపుడువేలితో చూపడం అమర్యాద, పిడికిలి ముడిచి బొటనవేలితో చూపుతారు. మర్యాదలు చూసే అధికారి ఎంతో వినయంగా బొటనవేలు మా ఆవిడ వైపు చాచి, మా వరుసలోని మగవాళ్లను అడిగాడు, "ఈమె ఎవరి తాలూకు?"

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆయన రెండోసారి అడిగాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను నా బూట్లు చూసుకున్నాను. అప్పుడు ఆవిడే, తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో, "నోబడీ సార్, ఐ కేమ్ అలోన్" అని చెప్పి, వరుసలోంచి తప్పుకుని బస్సు స్టాపు వైపు నడిచింది. నేను లోపలికి వెళ్లాను. భోజనం కూడా చేశాను.

ప్రిన్స్ గారు చేయి కలిపి, మీ ఆవిడ రాలేదేమని అడిగారు. ఒంట్లో బాగాలేదన్నాను. మర్నాడు ఇంటికి పళ్లబుట్టా, త్వరగా కోలుకోవాలంటూ ఆయన సంతకంతో ఒక కార్డూ వచ్చాయి. ఆవిడ కార్డు రెండుసార్లు చదువుకుంది.

"నాకేం జబ్బండీ?"

నేను పళ్లబుట్టను బల్ల మీద ఒక పక్కకు జరిపాను.

"ఈ వాక్యం మీదేగా?"

అవునన్నాను.

"బాగా రాశారు" అని, బుట్ట తీసుకెళ్లి పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. అంతే, తిట్టలేదు. ఆ రోజు నుంచి ఆయన "మీ రాజుగారు" అయ్యారు.

కొన్నేళ్ల తర్వాత అదే విందుకు కొత్తగా వచ్చిన ఒక రాయబారి భార్య పసుపు గౌను వేసుకుని వచ్చింది. ప్రిన్స్ గారు లోపలి నుంచి నల్ల శాలువా తెప్పించి, తన భార్య చేత ఆమె భుజాల మీద కప్పించి, తమ బల్ల దగ్గరే కూర్చోబెట్టుకున్నారు. నేను పక్కనే నోటుపుస్తకంతో నిలబడి చూశాను. ఆ రోజు గేటు దగ్గర నా తాలూకేనని ఒక్కమాట అని ఉంటే సరిపోయేదని తెలిసింది. ఇంటికెళ్లి ఆ సంగతి చెప్పలేదు. క్షమించమని కూడా అడగలేదు, అడగడానికి ఇంకా చాలా కాలం ఉందనుకున్నాను.

అమ్మాయికి ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక మేమూ వచ్చేశాం. కార్క్‌లో ప్రతి ఉగాదికీ ఆవిడ ఆ చీరే కట్టేది. "ఇక్కడ ఎవరూ అడగరులెండి" అనేది, కొంగు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా.

మొన్నటి సంతాపం ఇరవై నిమిషాల్లో రాసేశాను. ప్రగాఢం అన్న మాట దానంతటదే వచ్చి కూర్చుంది. మనవరాలు చదివి, "దట్స్ లవ్లీ, తాతా" అంది. ఫోను తిరిగి ఇస్తూ, "డిడ్ యూ రైట్ వన్ ఫర్ అమ్మమ్మ?" అంది. లేదన్నాను.

ఆవిడను సాగనంపిన రోజు కార్క్‌లో ఇరుగుపొరుగు వాళ్లు వరుసగా వచ్చి చేయి పట్టుకుని, మీ కష్టానికి విచారిస్తున్నాం అన్నారు. డాక్టరుగారు అన్నదీ, బస్సు డ్రైవరు అన్నదీ అదే మాట. ఈ ఊళ్లో దుఃఖానికి హోదా లేదు, చీరకు ఏ రంగైనా ఉండవచ్చు, ఎవరూ ఎవరి గేటు దగ్గరా తలవంచరు. మారవలసినవన్నీ మారాయి. అంతకుముందు, ఏవో కాగితాలు నింపుతున్న అంత్యక్రియల ఆఫీసు మనిషి తలెత్తి, ఈమె తాలూకు ఎవరని అడిగాడు.

"నేను" అన్నాను, గట్టిగానే. వినవలసిన మనిషి ఆ పసుపు చీరలో పడుకుని ఉంది.